నోరు తెరిస్తే పోయే గాలి

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. నడుమ బరువుగా కిందికి జారి, అంచుల్లో మాత్రం కాస్త తెల్లగా. చినుకు పడలేదు. రాలాల్సింది రాలకుండా ఇళ్ల మీద ఆగి ఉంటే మనుషులు కూడా మాట మధ్యలో ఆగి పైకి చూస్తారు. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చే బస్సులో నా ఒళ్లో సంచి ఉంది, సంచిలో మిషను. పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూచున్నాను. పక్క సీటావిడ కుట్టుమిషనా అని అడిగింది. కాదు, ఊపిరి మిషను అన్నాను. ఆవిడ కొంచెం అవతలికి జరిగింది.

పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో నా పని. పిండిన దుప్పటిని ఇద్దరం చెరో వైపు కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అంచుని వేడి రోలరుకి అందిస్తాం. అది లాక్కుంటుంది. అవతల ఇస్త్రీ అయి బయటపడుతుంది. ఆమధ్య ఒకరోజు అంచుతోపాటు నా జాకెట్టు చెయ్యి కూడా అందించాను. నిలబడే ఉన్నాను, కళ్లు తెరిచే ఉన్నాయంటారు, కానీ నేను అక్కడ లేను. నాకు ఎదురుగా పనిచేసే ఆమెని అందరం చిలకమ్మ అంటాం. ఆమె ఎర్ర కడ్డీని కాలితో తన్ని రోలరు ఆపింది. ముంజేతి మీద కాలిన మచ్చ మిగిలింది. చిలకమ్మ ఆ పూటంతా ఒక్క మాట మాట్లాడలేదు. జ్వరం వచ్చినా ఆగని నోరు అది. సూపర్‌వైజరు నన్ను మడతల బల్లకి మార్చాడు. నిద్ర సరిగ్గా పడుతోందని డాక్టరు రాసిస్తేనే మళ్లీ రోలరు దగ్గరికి రానిస్తానన్నాడు. లేదంటే మడతలకి వయసు పిల్లలు చాలు, నీలాంటివాళ్లు అక్కర్లేదన్నాడు.

డాక్టరు ఒక రాత్రి ఒంటినిండా తీగలు అంటించి పడుకోబెట్టి చూశాడు. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోందట. మెదడు బెదిరిపోయి నన్ను లేపుతోందట. రాత్రంతా ఇదే పని. ఇలాగే వదిలేస్తే గుండె మీదికి వస్తుందన్నాడు. ఇలా ఉలిక్కిపడి లేవడం ఎన్నాళ్లనుంచి అని అడిగితే చెప్పలేకపోయాను. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఎవరో పిలిచినట్టయి లేవడం నాకు అలవాటే. లేచి చూస్తే ఎవరూ పిలిచి ఉండరు. ఎలాగూ లేచాను కదా అని ఆయనకి దుప్పటి సర్ది, అత్తయ్య చెంబులో నీళ్లున్నాయో లేదో చూసి, పిల్ల గది కిటికీ వేసి వచ్చి పడుకునేదాన్ని. అది జబ్బని నాకు తెలీదు. నా మంచితనం అనుకున్నాను.

మిషను ఇచ్చిన నర్సమ్మ నాకన్నా పెద్దది. తొందర లేని మనిషి. ముక్కుకి తగిలించే మెత్తటి తొడుగు, దాన్ని తలకి బిగించే పట్టీలు, గొట్టం, నీళ్లు పోసే డబ్బా, ఒక్కొక్కటీ నా చేతికిచ్చి నాతోనే పెట్టించింది. ఈ నెలాఖరులోగా అలవాటు పడాలి, పడకపోతే వెనక్కి తీసుకుని వరసలో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తామని చెప్పింది. "గాలి ఎదురు తోస్తుంది. భయపడి లాగెయ్యకండి. మీతో పోట్లాడ్డానికి కాదు అది. గొంతు తెరిచి ఉంచడానికే," అంది. నాకు ఆ మాట నచ్చింది. నా గొంతు తెరిచి ఉంచాలని ఇంతకుముందు ఎవరూ అనుకోలేదు.

ఇంట్లో మిషనుకి చోటు దొరకడమే కష్టమైంది. మంచం పక్కనున్న బల్ల ఆయనది. దాని మీద ఆయన కళ్లజోడు, రేడియో, తలనొప్పి మాత్రలు. నా వైపు గోడ. గోడకీ మంచానికీ మధ్య స్టూలు ఇరికించి దాని మీద పెట్టాను. ప్లగ్గు కోసం ఆయన ఫోను చార్జరు తియ్యాల్సి వచ్చింది. ఆయన చార్జరు వైరుని వేళ్లకి చుట్టుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఆయన గోడౌనులో కాటా దగ్గర పనిచేస్తాడు. బస్తాలు మోసేవాళ్లని రోజంతా కేకలేసి పిలవడంతో గొంతు అరిగిపోతుందేమో, ఇంట్లో మాట తక్కువ. ఇంట్లో ఆయనకి ఒక్క మాట చాలు. ఇదిగో.

బాత్రూములోంచి ఇదిగో, వీధి గుమ్మంలోంచి ఇదిగో, పక్కలోంచి ఇదిగో. దానికి ఆఁ అని పలకాలి. తువ్వాలు కావచ్చు, తాళం చెవులు కావచ్చు, గోడ మీద బల్లి కావచ్చు. ముందు పలకాలి, సంగతి తర్వాత తెలుస్తుంది. పలకడం ఆలస్యమైతే రెండో ఇదిగోలో చిన్న మెలిక ఉంటుంది. ఆ మెలిక రానివ్వకుండా బతకడం నేను తొందరగానే నేర్చుకున్నాను. మామగారు కూడా అచ్చం ఇలాగే పిలిచేవారట. నేను ఈ ఇంటికి రాకముందే పోయారు. మాటా అదే, గొంతూ అదే అంటుంది అత్తయ్య. అనేటప్పుడు ఆమె ముఖంలో మురిపెం ఉందా, మరేదైనా ఉందా అన్నది నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

ఇక నా గురక సంగతి చుట్టాలందరికీ తెలుసు. లారీ ఎత్తు ఎక్కుతోందని ఆయన పదిమందిలో చెబుతాడు. ఆడది ఇలా గురక పెట్టడం నేనెక్కడా వినలేదని అత్తయ్య ఊరినుంచి ఎవరొచ్చినా చెబుతుంది. ఆడపడుచు ఇంట్లో ఫంక్షనుకి వెళితే నా పక్క సామాన్ల గదిలో డబ్బాల మధ్య వేశారు. పొద్దున్నే ఆమె అందరి ముందూ, డబ్బాల మూతలు ఊడిపోలేదు కదా వదినా అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆయనా గురక పెడతాడు. అది మాత్రం అలుపు.

మొదటిసారి తొడుగు పెట్టుకుని మీట నొక్కాను. మొదట చల్లటి గాలి సన్నగా వచ్చింది. ఫర్వాలేదనుకున్నాను. పోనుపోను పెరిగింది. పీల్చుకోవడం తేలికే, అది పీల్చకముందే లోపలికి వచ్చేస్తుంది. వదలడమే కష్టం. దిగనివ్వకుండానే జనం ఎక్కేసే బస్సు మెట్ల మీద నిలబడి కిందికి దిగబోతున్నట్టుంది. నేను వదలబోతే అది తోస్తుంది. చెవులు దిబ్బళ్లు వేశాయి. గుటక వేస్తే గాలి పొట్టలోకి పోయి అక్కడ గుడగుడలాడింది. పిల్ల గుమ్మంలోంచి చూసి, "అమ్మా, ఏనుగులా ఉన్నావే" అని నవ్వింది. దానికి ఈ ఏడు పెద్ద పరీక్షలు. నవ్వడానికి కూడా టైము చూసుకునే పిల్ల. అది నవ్వినందుకు నాకు సంతోషమే వేసింది. నవ్వబోయి నోరు తెరిచాను. అంతే, ముక్కులోంచి లోపలికి వెళ్లిన గాలంతా నోట్లోంచి బుస్సుమని బయటికి తన్నుకొచ్చింది. పాము ఉన్న పుట్ట మీద కాలు పెట్టినట్టు నాకు నేనే ఉలిక్కిపడ్డాను.

తెల్లారేసరికి నాలుక చెక్కలా ఎండిపోయి ఉంది. పొట్ట డోలులా ఉబ్బింది. మిషను మీద చిన్న తెర ఉంటుంది. రాత్రి గాలి బయటికి పోకపోతే నవ్వు మొహం, పోతే ఏడుపు మొహం చూపిస్తుంది. ఏడుపు మొహం చూపించింది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. నేను పెట్టుకోవాల్సిన మొహం అది నా బదులు పెట్టుకుని కూచున్నట్టుండేది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, డబ్బాలో నీళ్లు మార్చి, తొడుగు కడిగి ఆరబెట్టి పనికి వెళ్లేదాన్ని. ఇంట్లో కడిగేవాటిలో ఇంకొకటి చేరింది, అంతే.

ఒక పొద్దున కూర తరుగుతుంటే అత్తయ్య వచ్చి పీట మీద కూచుంది. ఆమెకి కాళ్ల నొప్పులు. రాత్రిళ్లు నిద్ర పట్టీ పట్టనట్టుంటుంది. ఆమె గదికీ మా గదికీ మధ్య ఒక్క గోడే. ఆమె నా వంక చూడకుండా అడిగింది.

"రాత్రంతా ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

నేనెవరితో మాట్లాడతాను అత్తయ్యా, నిద్రపోతున్నాను అన్నాను.

"నిద్రలోనే. మునుపు గురకలో కలిసిపోయేది. ఇప్పుడు గురక లేదు కదా, బాగా వినబడుతోంది. నూతిలోంచి పలికినట్టు పలుకుతున్నావు."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది. ఏమని పలుకుతున్నానని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆమె లేచి గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు మడతల బల్ల దగ్గర ఒక్కో దుప్పటీ మడిచి పెడుతూ అదే ఆలోచించాను. రాత్రి నాలోంచి ఎవరో మాట్లాడుతున్నారు. నేను అక్కడ ఉన్నాను, కానీ నాకు తెలీదు. రోలరు దగ్గర నిలబడిందీ, చెయ్యి అందించిందీ ఆ మనిషేనేమో.

నర్సమ్మకి ఏడుపు మొహం సంగతి చెప్పాను. నిద్రలో నోరు తెరుస్తున్నారు, గాలి అక్కడినుంచి పోతోంది, అందుకే నాలుక ఎండుతోంది, అందుకే గాలి చాలక మిషను ఇంకా గట్టిగా తోస్తోంది, ఆ తోపుకి మీకు మెలకువ వస్తోంది అని విడమరిచి చెప్పింది. ముక్కూ నోరూ రెండూ కప్పే పెద్ద తొడుగు పెట్టి చూసింది. నూతిలో పడ్డట్టయి లాగేశాను. అయితే ఇది కట్టుకోండి అని గడ్డం కిందినుంచి నడినెత్తికి బిగించే పట్టీ ఇచ్చింది. పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా తొడుగు పెట్టుకుని ఏదో ఒక పని చేసుకుంటూ కూచోమంది. నాలుక పైకి ఎత్తి అంగిలికి ఆనించి ఉంచితే నోరు తెరుచుకోదంది. "ఎవరికి వారే కనిపెట్టాలమ్మా, నోరెందుకు తెరుస్తున్నారో," అంది.

ఆ సాయంత్రం అద్దం ముందు పట్టీ కట్టుకుంటున్నాను. అద్దంలో నా వెనక అత్తయ్య కనిపించింది. ఎప్పుడు వచ్చిందో. గుమ్మం పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. "తియ్యి అది," అంది.  నేను తిరిగి చూశాను. "అలా గడ్డం కిందినుంచి కట్టేది పోయినవాళ్లకి. నోరు తెరుచుకోకుండా. మీ మామగారికి నేనే కట్టాను."

తీసేశాను. సంచిలో అడుగున పెట్టేశాను. ఆయన అప్పుడే వచ్చి సంగతి విని, చెప్పులు విప్పుతూనే, అచ్చిరాని వస్తువు ఇంట్లో ఎందుకు, ఇచ్చెయ్యరాదా, ఇన్నాళ్లూ బాగానే ఉన్నాం కదా అన్నాడు. ఆ బాగానే ఉన్న వాళ్లలో నేనూ ఉన్నానా అని ఆలోచిస్తూ కాఫీ కలిపాను.

నెల సగానికి వచ్చింది. పట్టీ లేకుండానే నేర్చుకోవాలి. పనినుంచి వచ్చాక సాయంత్రం పూట గదిలో గోడకి ఆనుకుని, తొడుగు పెట్టుకుని, ఆరిన బట్టలు మడతపెడుతూ కూచునేదాన్ని. మొదట గాలితో పోట్లాడేదాన్ని. తర్వాత అది వచ్చే తీరు తెలిసింది. తోసినప్పుడు తోయనిచ్చి, నేను వదలడం నెమ్మదిగా, పొడుగ్గా వదిలితే అదీ తగ్గుతుంది. ఒకరోజు అలా రెండు చీరలు మడత పెట్టేలోపు ఆయన హాల్లోంచి ఇదిగో అన్నాడు. ఆఁ అన్నాను. బుస్సుమంది. గొంతులో గాలి తిరగబడి, చెవులు పగిలినట్టయి దగ్గొచ్చింది. సర్దుకుని మళ్లీ మొదలుపెట్టాను. అత్తయ్య పిలిచింది. ఆఁ. బుస్సు. పిల్ల పిలిచింది. గేటు దగ్గర ఎవరో పిలిచారు. కుక్కరు కూసింది, దానికి కూడా నా నోరు తెరుచుకుంది. అప్పుడు తెలిసింది నాకు. గాలి వల్ల కాదు నా అవస్థ. ఊరికే కూచుంటే ఆ గాలి చల్లగా, బుద్ధిగా లోపలికి వెళ్లి వస్తోంది. పలికినప్పుడల్లా అది విరుగుతోంది. ఒక్క సాయంత్రంలో నేను ఎన్నిసార్లు పలుకుతానో అది బుస్సుమన్నప్పుడల్లా తెలిసింది. అంతకుముందు నాకు వినబడేది కాదు.

మరి రాత్రి? రాత్రి ఎవరికి పలుకుతున్నాను?

బట్టలు పక్కన పెట్టి అత్తయ్య గదిలోకి వెళ్లాను. ఆమె మంచం మీద కాళ్లకి నూనె రాసుకుంటోంది. నేను నిద్రలో ఏమంటాను అత్తయ్యా అని అడిగాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఏముంది. వాడు పిలుస్తాడు. నువ్వు పలుకుతావు."

"ఆయన మెలకువగా ఉంటారా?"

"లేదు. వాడూ నిద్రలోనే. ఇదిగో అంటాడు. ఆఁ, వస్తున్నా అంటావు. ఏమీ అడగడు. కాసేపటికి మళ్లీ ఇదిగో. మళ్లీ నువ్వు. నువ్వొచ్చిన కొత్తలోనే మొదలైంది. నాకు తెలుసని మీకు తెలీదు, అంతే."

ఇన్నేళ్లూ చెప్పలేదేం అంటే, చెప్పడానికి ఏముంది, ఇంట్లో మామూలే కదా అంది. ఆ మామూలే అన్న మాట ఆమె నోట్లోంచి ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, గదిలో నేను చూడని మూడో మనిషి ఎవరో ఉన్నట్టనిపించి వెనక్కి చూశాను. ఆయన్ని అడిగితే నవ్వాడు. నేను పడుకుంటే కట్టెను, నేనేం పిలుస్తాను, మా అమ్మకి పెద్దతనం వచ్చింది అన్నాడు. అబద్ధం కాదు. ఆయనకి నిజంగానే తెలీదు.

ఆనాటినుంచి పగలు పలకడం మానేశాను. ఏ పంతమూ లేదు. నాలుక అంగిలికి ఆనించి ఉంచడం సాధన చేస్తున్నాను. ఆయన ఇదిగో అంటే లేచి వెళ్లి ఆయన ముందు నిలబడేదాన్ని. కావలసింది ఇచ్చేదాన్ని. కానీ ఆఁ అనేదాన్ని కాదు. మొదట చెవుడు వచ్చిందా అన్నాడు. తర్వాత విసుక్కున్నాడు. ఆ తర్వాత, ఒకసారి బాత్రూము తలుపు తీసి నేను తువ్వాలుతో ఎదురుగా నిలబడి ఉండటం చూసి అడుగు వెనక్కి వేశాడు. "అలా దెయ్యంలా వచ్చి నిలబడకు. పలుకు," అన్నాడు. ఒక్క చిన్న చప్పుడు తగ్గితే ఇల్లంతా ఇంత బెదురుతుందని నేననుకోలేదు. గదుల్లో అడుగుల చప్పుడు పెరిగింది. గడియారం గట్టిగా కొట్టుకుంటున్నట్టుండేది. అత్తయ్య ఉన్నట్టుండి, "ఉన్నావా?" అనేది. ఉన్నానని ఆమె గుమ్మంలోకి వెళ్లి కనిపించేదాన్ని.

అలా ఉండగా ఒకనాడు కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. ముక్కు మీద తొడుగు ఉన్నచోటే ఉంది. నాలుక తడిగా ఉంది. ఒంట్లో బరువు ఎవరో తీసి పక్కన పెట్టినట్టుంది. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పోయానేమో అనుకున్నాను, పోతే ఇంత హాయిగా ఉంటుందా అని కూడా అనుకున్నాను. అప్పుడు చూశాను. అత్తయ్య నా మీదికి వంగి ఉంది. చెయ్యి నా నోటి దగ్గర పెట్టి చూస్తోంది.

"పోయావనుకున్నా," అంది. "వాడు పిలిచాడు. నువ్వు పలకలేదు. మళ్లీ పిలిచాడు. పలకలేదు." ఆమె మంచం అంచు మీద కూలబడింది. "చివరికి నేను పలికాను."

మిషను తెర మీద నవ్వు మొహం ఉంది. 

నిద్రపోయిన మనిషికి రంగులు వేరేగా కనిపిస్తాయి. మడతల బల్ల మీద దుప్పట్ల తెలుపు కళ్లలో గుచ్చుకునేది. చిలకమ్మ నన్ను దూరంనుంచే చూసి, "నీ మొహాన్ని ఎవరో రోలరులో పెట్టి తీశారే వదినా, ఒక్క ముడత లేదు" అని అందరికీ వినబడేలా అంది. సూపర్‌వైజరు కూడా ఆగి చూసి, డాక్టరు కాయితం తెచ్చుకో అన్నాడు. మర్నాడూ నవ్వు మొహమే. ఆ వారమంతా అదే. ఇంట్లో మాత్రం ఒక్కొక్కరి ముఖం వాడింది. అత్తయ్య కూచున్నచోటే కునికేది. పిల్ల కళ్ల కింద నల్లగా వచ్చింది. చదువు ఎక్కువైందనుకున్నాను. పొద్దున పాలు తాగుతూ గ్లాసు పట్టుకునే తూలితే, పడబోయిన గ్లాసు నేను అందుకున్నాను. రోలరు ముందు నేను తూలింది గుర్తొచ్చింది. అత్తయ్య అది చూసి ఏదో చెప్పబోయి మానేసింది. ఆయన చూసి చెప్పాడు. ఆ మిషను వచ్చినప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, గడువు సోమవారంతో అయిపోతుంది కదా, ఆ రోజే ఇచ్చేసి రా. గట్టిగా కూడా అనలేదు. పాత పేపర్లు వేసేసి రా అన్నట్టు అన్నాడు.  ఒక్కదాన్ని నిద్రపోవడానికి ముగ్గురు మేలుకుంటున్నారంటే అది ఎలాంటి నిద్ర అని నాకే అనిపించింది.

అది ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంది. ఆయన మంచం మీద, గోడ అవతల అత్తయ్య, హాల్లో పుస్తకాల మీద పిల్ల. నేను కింద గోడకి ఆనుకుని కూచుని తొడుగు పెట్టుకున్నాను. ఇదే ఆఖరిసారేమో, మెలకువగా ఉండి దాన్ని ఒకసారి అనుభవించాలనిపించింది. కిటికీ తెరలోంచి ఎండ పసుపు పచ్చగా గది మధ్యదాకా వచ్చి ఆగింది. మిషను పీల్చి వదులుతోంది, నేను పీల్చి వదులుతున్నాను. ఇంట్లో మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే.

ఆయన పెదవులు కదిలాయి. కళ్లు మూసే ఉన్నాయి.

"ఇదిగో."

గట్టిగా కాదు. ఏదీ కావలసినవాడి గొంతులా లేదు. ఎవరో ఆయన లోపల కూచుని, అలవాటైన చోట తలుపు తట్టినట్టుంది. నా నోరు తెరుచుకోబోయింది. నాలుక అంగిలికి అదిమిపెట్టాను. ముక్కులో గాలి గట్టిపడి నెమ్మదించింది. అప్పుడు గోడ అవతలనుంచి వినబడింది.

"ఆఁ... వస్తున్నా."

అత్తయ్య గొంతే. కానీ నాకు తెలిసిన గొంతు కాదు. కీచుగా, బెదురుగా, కాపురానికి వచ్చిన కొత్తపిల్ల గొంతు.  ఆమె పలుకుతున్నది కొడుక్కి కాదు. నేనెన్నడూ చూడని మనిషికి.

"ఇదిగో," అన్నాడు ఆయన మళ్లీ. రెండోదాంట్లో ఆ మెలిక ఉంది. నిద్రలో కూడా ఉంది.

"ఆఁ."

ఈసారి హాల్లోంచి. లేచి గుమ్మందాకా వెళ్లాను. గొట్టం అంతవరకే వచ్చింది. గొట్టం చివర కట్టేసినదానిలా నిలబడి చూశాను. పిల్ల తెరిచిన పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోతోంది. కనురెప్పలు కదలడం లేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆ ఆఁ లో ఎక్కడ సాగాలో అక్కడ సాగింది, ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. నా నోట్లోంచి తీసి దాని నోట్లో పెట్టినట్టుంది. వెనక్కి తిరిగి ఆయన వంక చూశాను. ఆయన పక్కకి ఒత్తిగిలి హాయిగా ఊపిరి తీస్తున్నాడు. ఆయనకి ఏమీ అక్కర్లేదు. అన్నిటికన్నా నాకు దానికే భయం వేసింది. పిలిచేవాడికే తెలియని పిలుపు. దానికి పేరు లేదు కాబట్టి అది ఏ ఆడదాని మీదయినా వాలుతుంది. నేను తప్పుకుంటే పక్కకి జరిగి పిల్ల మీద వాలింది. మిషను ఇచ్చేస్తే మళ్లీ నా మీద వాలుతుంది, నేను ఉన్నన్నాళ్లూ. ఆ తర్వాత?

సాయంత్రం పిల్ల లేచి ముఖం కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. కల ఏమైనా వచ్చిందా అని అడిగాను. లేదంది. కొంచెం ఆగి, నీళ్లు కారుతున్న ముఖంతో నా వంక చూసింది.

"ఎవరో పిలుస్తారమ్మా. నువ్వు పలకడం లేదని నేను పలుకుతాను. ఎవరో ఒకరు పలకాలి కదా."

"ఎందుకు పలకాలి?"

"పలక్కపోతే ఏమవుతుంది?"

నాకు తెలీదు. అత్తయ్యకీ తెలీదు. ఆమె అత్తగారికి కూడా తెలిసుండదు. ఎవరూ పలక్కుండా ఉండి చూడలేదు. చూద్దాం అన్నాను.

రాత్రి వంట దించి, రోజూలా వడ్డించి వంటింటి గుమ్మంలో నిలబడలేదు. నాలుగు కంచాలూ కింద పరిచాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టాను. అత్తయ్యని పట్టుకుని తెచ్చి కూచోబెట్టి, నేనూ ఆమె పక్కన కూచున్నాను. అత్తయ్య నా కంచం వంక చూసింది, కొడుకు వంక చూసింది. ఆయన వచ్చి కూచుని, ఇదేంటి అన్నట్టు గిన్నెల వంక చూశాడు.

"రేపు నర్సమ్మ దగ్గరికి వెళుతున్నాను," అన్నాను. "ఇవ్వడానికి కాదు. ఉంచుకుంటానని చెప్పడానికి."

ఆయన తల ఎత్తాడు. మరి పిల్ల సంగతేంటి, అమ్మ సంగతేంటి అన్నాడు. వాళ్లూ నిద్రపోతారు అన్నాను. అంతకన్నా నాకు చెప్పడం రాలేదు. ఆయన అన్నం కలుపుకున్నాడు. అందరం కలుపుకున్నాం.  కూరలో కారం కాస్త ఎక్కువైంది. నాకు తెలుస్తూనే ఉంది.

"ఇదిగో," అన్నాడు ఆయన. "నీళ్లు."

పిల్ల మోకాలు కదిలింది. దాని మోకాలి మీద నా ఎడమ చెయ్యి వేశాను. అది నా వంక చూసి, మళ్లీ కంచంలోకి చూసుకుంది. నీళ్ల బిందె వంటింట్లో ఉంది, అందరికీ ఒకే దూరంలో. నేను ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని నమిలాను. ఆయన ఎదురుచూశాడు. ఆయన కళ్లలో కారానికి నీళ్లు తిరుగుతున్నాయి. రెండోసారి అన్నాడు, మెలికతో.

పక్కన అత్తయ్య నోరు తెరిచింది. ఆమె గొంతులో ఆ మాట కదలడం నాకు కనిపించింది. చాలాసేపు అలాగే తెరుచుకుని ఉంది ఆ నోరు. తర్వాత ఆమె తల దించుకుని, తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకుంది.